సైన్సు తరగతిలో సాక్ష్యాలు

మల్కాజిగిరి,
1971 జూలై 19.

నాచారం వయోజనుల తరగతి పెద్ద జ్ఞానయ్య గారికి,

నమస్కారం. ఇక్కడ నేను క్షేమమే, నిన్న నాచారం నుంచి ఇంటిదాకా నడిచిన కాళ్ళు తప్ప.

నిన్న నేను చెప్పింది క్రిముల పాఠం. చివర "సందేహాలున్నాయా?" అన్నాను. వెంటనే లూర్దమ్మ గారు లేచి, కళ్ళు మూసుకుని, మీ ప్రార్థన కూడికల్లో పాత పాపాలు ఒప్పుకుని సాక్ష్యం చెప్పినట్టు అందుకున్నారు. "నేను మస్తు పాపాత్మురాలిని. అరవై ఏండ్లు చేతులు కడగకుంట బువ్వ పెట్టిన. ఇయ్యాల సారు నా కండ్లు తెరిపించిండు" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. ఆవిడ వెనకాల మరో నలుగురు లేచారు. నా ఆఖరి బస్సు వెళ్ళిపోయింది.

ఇది చరిత్ర, సైన్సు తరగతి. ఆరు వారాల్లో మీబోటి పెద్దవాళ్ళ మూఢనమ్మకాలు వదిలించాలని నన్ను పంపారు. ఆగస్టు 8న ఆఫీసరు చిదంబరం గారు తనిఖీకి వస్తారు. ఆయన మెచ్చితేనే తరగతి నిలుస్తుంది, నా ఉద్యోగం పర్మినెంటవుతుంది. కాబట్టి పాఠం అయ్యాక ఎవరూ నోరు విప్పకుండా చూడండి.

ఇట్లు,
కె. నరసింహమూర్తి, బి.ఎస్సీ.

తా.క. ఆమెన్ కూడా వద్దు. చప్పట్లు చాలు.

నాచారం,
జూలై 26.

మా సారు నరసింహమూర్తి గారికి వందనాలు.

మీ ఉత్తరం చదివి వినిపిస్తే అందరం సిగ్గుపడ్డాం. మంచిమాట విని ఊరుకుంటే మా దగ్గర ఆ మాట నచ్చలేదని అర్థం. అంతమందిలో అయిదుగురే లేచారని మీరు నొచ్చుకున్నారు. నోరు విప్పవద్దని రాశారు గానీ, అది పెళ్ళిలో అలిగిన వియ్యంకుడు భోజనం వద్దన్నట్టే. వద్దన్నవాళ్ళకే కొసరి వడ్డించాలని మాకు తెలియదా?

అందుకే నిన్న అందరిచేతా చెప్పించాను. గోల్కొండ కోట తలుపు శత్రువులకు లోపలివాడే తీశాడని మీరు చెప్పగానే, మల్లాపూర్‌లో ఫ్యాక్టరీ కాపలా చేసే అబ్బయ్య భోరుమన్నాడు. "నేను గూడ గేటు తీసిన సారూ! ఆలస్యంగ వచ్చినోళ్ళను సప్పుడు గాకుంట లోపలికి ఇడిసిన" అన్నాడు. కిటికీలోంచి బస్సు పోవడం చూస్తూ మీరు కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఎంత మెత్తని మనసండీ మీది!

మీ విధేయుడు,
జ్ఞానయ్య, రైల్వే రిటైర్డు.

తా.క. మన తరగతిలో మోషే తాత గోల్కొండ మొహమే చూడలేదు. చేయని పాపానికి సాక్ష్యం ఎట్లా చెప్పాలని దిగులుపడుతున్నాడు. ఆయనకు సరిపోయే పాఠం ఒకటి చూడగలరు.

మల్కాజిగిరి,
ఆగస్టు 2.

జ్ఞానయ్య గారికి,

నమస్కారం. మీ ఉత్తరం చదివి తల పట్టుకున్నాను. పట్టుకున్నాకే ఒక ఆలోచన తట్టింది. ఆఫీసర్లకు కావలసింది రుజువు. సాక్ష్యాలు చెప్పించండి!

ఈ శుక్రవారం చంద్రగ్రహణం. ఆదివారం దానిమీదే పాఠం చెబుతాను. గ్రహణమంటే ఒట్టి నీడ, ఇంకేమీ కాదు. ఒకప్పుడు ఎంత అజ్ఞానంలో ఉన్నారో బాగా దట్టించి చెప్పమనండి. చీకటి ఎంత ఉంటే దీపం అంత వెలుగుతుంది. ఆ దీపం ఎవరో ఆఫీసరు గారికి అర్థమయ్యేలా నా పేరు మధ్యమధ్య వాడండి. నేను దండ పట్టుకుని ఉప్పల్‌లో ఆయనకు ఎదురెళ్ళి తీసుకొస్తాను.

ఇట్లు,
కె. నరసింహమూర్తి, బి.ఎస్సీ.

తా.క. మీ ఇంటావిడ సారమ్మ గారు మా ఆవిడ త్రిపురసుందరిని కూడా తరగతికి రమ్మన్నారట. పిలవకండి. సైన్సు ఆవిడకు ఎక్కదు.

నాచారం,
ఆగస్టు 9.

సహపాఠి నరసింహమూర్తి గారికి వందనాలు.

మీరు చీకటిపడే దాకా ఉప్పల్‌లో నిలబడ్డారని విని బాధపడ్డాం. ఆఫీసరు గారి జీపు మల్లాపూర్ మీదుగా వచ్చేసింది. మీరు లేకపోయినా, మీరు రాసినట్టే సాక్ష్యాలు మొదలుపెట్టాం. లూర్దమ్మ, అబ్బయ్య బాగానే చెప్పారు. ఆఫీసరు గారు రెండుసార్లు ఆవలించారు.

అప్పుడు వెనక బెంచీ నుంచి అమ్మగారు, త్రిపురసుందరి గారు, లేచారు. మేము పిలవలేదండీ, ఆవిడే వచ్చారు. మా దగ్గర ఒకరి పాపం ఇంకొకరు చెప్పకూడదు, ఇంటి పాపం ఇంటివాళ్ళే చెప్పాలి. కాబట్టి ఆపలేకపోయాను.

"మా వారు వారమంతా గ్రహణం పాఠం గట్టిగా చదువుకున్నారండీ. వంటింట్లో నాకంతా వినపడింది. శుక్రవారం వచ్చేసరికి ఊరగాయ జాడీల మీద దర్భలు వేయించారు, పట్టుస్నానం, విడుపుస్నానం చేశారు. పాఠం రాసుకున్న కాగితాల మీద కూడా ఒక దర్భ పెట్టారు. నాకు మాత్రం పాఠం మీదే నమ్మకం కుదిరింది. గ్రహణం పట్టి ఉండగానే జాడీ తీసి ఆవకాయన్నం తిన్నాను. నాకేమీ కాలేదు. మర్నాడు అదే జాడీలోది ఆయనకూ వడ్డించాను. ఆయనకూ ఏమీ కాలేదు" అన్నారు.

ఆఫీసరు గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తరగతి ఖాయం చేశారు. అమ్మగారు స్కూలు ఫైనలు పాసయ్యారని మీరు ఏనాడూ మాతో అనలేదు. వచ్చే ఆదివారం నుంచి పాఠాలు ఆవిడవి. మీ పేరు విద్యార్థుల పట్టీలో ఆయనే స్వయంగా ఎక్కించారు.

నిజం చెబుతున్నాను, "మీబోటి పెద్దవాళ్ళ మూఢనమ్మకాలు" అన్న మీ మాట నాకు గుచ్చుకుంది. నిన్నటితో ఆ కోపం పోయింది. నా పక్కన మీకు చోటు ఉంచాను. ఈ ఉత్తరం సారమ్మతో అమ్మగారి చేతికే పంపుతున్నాను.

మీ తోటి విద్యార్థి,
జ్ఞానయ్య.

తా.క. కొత్తగా చేరినవాళ్ళు మొదటి ఆదివారమే సాక్ష్యం చెప్పాలి. కంగారుపడకండి. సగం అమ్మగారు చెప్పేశారు కదా, మిగిలినవి చెబితే చాలు.