కాంటా చెప్పిన హలో

బుధవారం, రాత్రి

ఒళ్లు మండిపోతోంది. యాదయ్య కాకా లారీలు తూచే కాంటా దగ్గరే పొద్దంతా పోయింది. లారీ బరువు, వైరు తగిలించే సీరియల్ పోర్టు గుండా కంప్యూటర్‌లోకి రావాలి, అంతే. నా ప్రోగ్రాం నుంచి ‘హలో’ పంపాను. ‘హలో’ అని తిరిగొచ్చింది.

“కాంటా మాట్లాడుతుంది కాకా!” అని గంతేశాను. ఆయన అందరికీ చాయ్ చెప్పాడు. ఇంతలో కంకర లారీ కాంటా మీదికి ఎక్కింది. బరువు కోసం మీట నొక్కితే మళ్లీ హలోనే.

“గిదేంది బిడ్డా, లారీకి గూడ హలోనేనా? రేపటికల్ల కాకుంటే వేరేటోళ్లను పిలుస్త.”

అప్పుడు చూశాను. పోర్టులో పంపే పిన్నునూ అందుకునే పిన్నునూ కలుపుతూ, పరీక్ష కోసం నేనే పెట్టిన తీగ ఇంకా అక్కడే ఉంది. నేను పంపిందే తిరిగి నాకొస్తోంది. కాంటా వైరు అసలు తగిలించనేలేదు. తగిలించాక ఒక్క అంకె కూడా రాలేదు.

పొద్దంతా నాతో నేనే మాట్లాడుకున్నాను. ఇంటికొచ్చి ఈ డైరీలో చేస్తున్నదీ అదే.