నాగజెముడు గంప

సూర్యాపేట,
12 జనవరి 1966

పుట్టింట్లో చల్లగా కూర్చున్న సత్యవతికి,

వెంకటనారాయణ ఆశీస్సులు. ఉత్తరంలో ముందు క్షేమమని రాయాలి కాబట్టి, క్షేమం.

నిన్న పొద్దున వడ్ల లారీ సోమ్లా నువ్విచ్చావని ఒక గంప దింపిపోయాడు. ఉత్తరం లేదు. "అమ్మ ఏమన్న చెప్పిందా?" అని అడిగితే "జర జాగ్రత్తగ దించుమన్నది, గంతే" అన్నాడు. నాలుగు నెలల తర్వాత పంపావు కదా అని ఆశగా పైగుడ్డ తీశాను. అడుగున నాగజెముడు మట్టలు, పైన దాని ఎర్ర పండ్లు. చెయ్యి పెట్టే సందు లేదు, అంతా ముళ్ళే. మన హమాలీ లింగయ్య తొంగిచూసి "అమ్మ కోపం ఇంక సల్లారలే సేటూ" అన్నాడు.

నేను మాత్రం అట్లా అనుకోలేదు. దుకాణానికి దిష్టి తగులుతోందని అంత దూరాన ఉండి కనిపెట్టావు. వెంటనే ఒక మట్ట దుకాణం గుమ్మానికి, ఒకటి ఇంటి గుమ్మానికి, ఒకటి కాంటాకు కట్టించాను. పండ్లను మిరపకాయల్లాగా దారానికి గుచ్చి వేలాడదీశాం. బజారంతా వరస కట్టి వచ్చి చూసిపోతున్నారు. ఇన్ని కళ్ళు మన దుకాణం మీద ఎన్నడూ పడలేదు.

మీ తమ్ముడు జనార్దన్ బిడ్డకు కాన్పై మూడు నెలలు దాటినట్టుంది. పాపకు నా ముద్దులు. ఇంకా ఆ ఇంట్లో నీతో పని ఉందేమో. నేనేమీ అడగడం లేదు.

ఇట్లు, ఇంత పెద్ద ఇంట్లో ఒక్కడే ఉన్న
నీ భర్త

తా.క. పండ్లకు చీమలు పట్టాయి. చీమలు పడితే దిష్టి పోయినట్టా, ఇంకా ఉన్నట్టా?

తా.క. గంప సోమ్లాతోనే తిప్పి పంపుతున్నాను.


అనంతగిరి (కోదాడ దగ్గర),
17 జనవరి

సూర్యాపేట ధాన్యం దుకాణం వారికి,

నమస్కారాలు. భర్త పేరు రాయకూడదు గనక దుకాణం పేరు రాశాను. ఇక్కడంతా కులాసా. రాత్రిళ్ళు పాపకూ నాకూ మాత్రం నిద్ర పట్టడం లేదు.

గుమ్మానికి కట్టారా! రామరామ! ఎట్లా తినాలో వివరంగా ఉత్తరం రాసి పోస్టులో వేశాను, అదెక్కడ తిరుగుతోందో. అవి తినడానికండీ! మీ చక్కెర జబ్బుకని పంపాను. ఇక్కడ వెంకటమ్మ అని ముసలావిడ ఉంది, ఎనభై ఏళ్ళు. ఆవిడకు ఈ కూర, ఈ పండు లేనిదే ముద్ద దిగదు. నేను ఊరికే నమ్మలేదు. కాలువ పనుల క్యాంపు డాక్టరుగారిని అడిగాను. "ఇది మందు కాదమ్మా, కూర. ఆయన వేసుకునే బిళ్ళలు మానకూడదు. కానీ మంచి కూరే. పీచు ఉంటుంది, జిగురు ఉంటుంది, తిన్నది నెమ్మదిగా అరుగుతుంది. పండులో సి విటమిను ఉంటుంది" అన్నారు.

లేత మట్టలే తీసుకోండి. పెద్ద ముళ్ళు చాకుతో గీకండి. తర్వాత నిప్పుల మీద తిప్పితే కంటికి కనపడని నూగు ముళ్ళు కాలిపోతాయి. ఇది మరవకండి. ముక్కలు కోసి, ఉప్పునీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే జిగురు తగ్గుతుంది. ఆపైన చింతపండు పులుసు, పోపు. పండయితే ఇసుకలో బాగా దొర్లించి, తోలు తీసి తినాలి.

భాద్రపదంలో గల్లాపెట్టె వెనక జిలేబీ పొట్లం దొరికినప్పుడు నేనేమన్నాను? డాక్టరు వద్దన్నది దాచుకుని తింటే నా బొట్టు సంగతేమిటి అన్నాను. మీరేమన్నారు? "నువ్వు లేకుంటే నిమ్మళంగ తింట" అన్నారు. ఆ మాటకే కాన్పు వంక పెట్టుకుని వచ్చేశాను. నిమ్మళంగా తింటున్నారా మరి?

కాన్పుకు వచ్చినదాన్ని ఎవరూ వచ్చి పిలవకుండా ఎట్లా పోతుందని మా మరదలు అంటోంది. నేనేమీ అనడం లేదు.

ఇట్లు,
పాప సత్యవతమ్మమ్మ

తా.క. గంప ఉత్తగా పంపారేం? వచ్చిన గంపను ఉత్తగా తిప్పి పంపకూడదని అత్తయ్యగారే నాకు నేర్పారు. గుప్పెడు బియ్యమైనా వెయ్యాలి. ధాన్యం వ్యాపారి ఇంటి నుంచి ఉత్త గంప వస్తే ఇక్కడ నా మొహం ఎక్కడ పెట్టుకోను?

తా.క. గుమ్మానికి కట్టినవి విప్పి వండుకోకండి. మీ సంగతి నాకు తెలుసు.


సూర్యాపేట,
30 జనవరి

వంటలు నేర్పే సత్యవతికి,

నాలుక వాచినవాడి ఆశీస్సులు.

రెండో గంప అందింది. నువ్వు రాసినవన్నీ చేశాను, నిప్పుల మీద తిప్పడం ఒక్కటి తప్ప. ఆ మాట ఎక్కడుందో తర్వాత లింగయ్య వెతికి చూపించాడు. అప్పటికే నూగు ముళ్ళు సగం నాలుకలో, సగం వేళ్ళలో దిగిపోయాయి. రెండు రోజులు మాట లేదు. ఇల్లు ఎప్పుడూ ఉన్నట్టే ఉంది, మాట్లాడేవాళ్ళు లేరు కదా.

ఇబ్బందల్లా బజారులోనే. మన బేరాలు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని చేసేవి కదా, ఎన్ని వేళ్ళయితే అంత ధర. మిర్యాలగూడ మిల్లు ఆసామి వచ్చి తువ్వాలు కప్పి నా నాలుగు వేళ్ళు పట్టుకున్నాడు, గట్టిగా నొక్కాడు. నేను అమ్మా అని రెండు వేళ్ళు లాక్కున్నాను. ఆయన చేతిలో రెండే మిగిలాయి. "ఖాయమేనా?" అని అడిగాడు. నాలుక వాచిందాయె, ఏం చెప్పను? తువ్వాలు దులిపి సంతోషంగా లేచిపోయాడు. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో నేను ధర తగ్గించడం బజారు ఇదే మొదటిసారి చూసింది. ఆయన వేలికీ నా ముల్లు ఒకటి ఎక్కిందట, అదొక్కటే తృప్తి.

పండు మాత్రం నువ్వు చెప్పినట్టే తిన్నాను. ఎంత తియ్యగా ఉంది సత్యవతీ! ఇసుకలో దొర్లిస్తూ కూర్చుంటే పొద్దు కూడా గడుస్తోంది. మరో గంప పంపు.

ఇట్లు,
ఇప్పుడిప్పుడే మాట వస్తున్న వెంకటనారాయణ

తా.క. గుప్పెడు బియ్యమన్నావు, ఎవరి గుప్పెడో రాయలేదు. సోలెడు వేశాను.


అనంతగిరి,
11 ఫిబ్రవరి

నాలుక తగ్గినవారికి,

నమస్కారాలు. మీ నాలుక సంగతి చదివి జాలిపడ్డాను, బేరం సంగతి చదివి నవ్వాను. నవ్వుతుంటే మా మరదలు వచ్చి "ఏంటి వదినా, అన్నయ్యగారు రమ్మని రాశారా?" అని అడిగింది. దాంతో నవ్వు ఆగిపోయింది.

పండ్లు రోజుకు ఎన్ని తింటున్నారు? నిజం చెప్పండి. మూడో గంప మీకు దింపినప్పుడు చూశానని "సేటు మూతి ఎర్రగుంటున్నది, పొద్దుందాక పండ్లే తింటున్నడు" అన్నాడు సోమ్లా. రెండుకు మించి వద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. పండులో తీపి ఉంది. గింజలెక్కువైతే కడుపు బిగుస్తుంది. మీకు మేలు చేసేది కూర. అది వదిలేసి పండ్ల మీద పడితే జిలేబీకీ దీనికీ తేడా ఏముందండీ?

ఇంకో మాట. కాలువవాళ్ళు వచ్చి మా చేను కంచె మీదుగా సున్నం గీత గీసిపోయారు. మీకు పంపే నాగజెముడంతా ఆ కంచెదే. నీళ్ళొస్తాయని ఊరంతా పండగ చేసుకుంటోంది. నేనొక్కదాన్నే రోజూ పోయి కంచె ఇంకా ఉందా అని చూసి వస్తున్నాను.

ఇట్లు,
కంచె కాపలాదారు

తా.క. మీరు పంపిన బియ్యం వేరే కుండలో పోశాను. ఇక్కడివాటిలో కలపబుద్ధి కాలేదు.


సూర్యాపేట,
16 ఫిబ్రవరి

సౌభాగ్యవతి సత్యవతికి,

ఆఖరి ఆశీస్సులు.

కంగారు పడకు. నేను పోతున్నాను. ఈ పొద్దున దొడ్లోకి పోతే నీరు ఎర్రగా వచ్చింది. నెత్తురే. లింగయ్యకు చెబితే "పరేషాన్ గాకు సేటూ, దవాఖానకు పోదాం పా" అన్నాడు, కానీ వాడి కళ్ళలో నీళ్ళు నేను చూశాను. ఈ ఊళ్ళో చూపించుకుంటే సాయంత్రానికి బజారంతా తెలుస్తుంది. రేపు మిర్యాలగూడలో మన అమ్మాయి పుష్పలత ఇంటికి పోయి, అక్కడి దవాఖానలో చూపించుకుంటాను.

నిజం చెప్పమన్నావు. రోజుకు పదిహేను తిన్నాను.

ఇంకొక నిజం. నువ్వు పోయిన రోజు సాయంత్రమే జిలేబీ తెప్పించాను, నీ మీద పంతంతో. పొట్లం విప్పి కూర్చున్నాను. లాక్కునేవాళ్ళు లేరు. నోట్లో పెట్టుకోలేకపోయాను. లింగయ్యకు ఇచ్చేశాను. అప్పటి నుంచి ముట్టలేదు. నిమ్మళంగా తింటానన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను సత్యవతీ. నాకు నిమ్మళమూ లేదు, తిండీ లేదు.

ఇట్లు, ఎప్పటికీ
నీ భర్త

తా.క. ఆవకాయ జాడీ మూత పగలగొట్టింది లింగయ్య. నేను పోయాక నా మీద వేస్తాడు, నమ్మకు.

తా.క. గంపలో బియ్యం వేశాను. ఇదే ఆఖరి సోలెడు.


అనంతగిరి,
19 ఫిబ్రవరి

నిండు నూరేళ్ళు ఉండబోయేవారికి,

మీరెక్కడికీ పోవడం లేదు. కూర్చుని చదవండి.

అది నెత్తురు కాదు, పండు రంగు. మీ ఉత్తరం చదివి చెప్పుల్లేకుండా క్యాంపుకు పరుగెత్తాను. డాక్టరుగారు చదివి కడుపు పట్టుకుని నవ్వారు. "పదిహేను తింటే ఎర్రగా కాక తెల్లగా వస్తుందా?" అన్నారు. ఆయన నవ్వేదాకా నేను గుడారం గుంజ పట్టుకుని నిలబడ్డాను. ఆయన నవ్వాక అక్కడే కూలబడి ఏడ్చాను. కూలీలంతా చూశారు. చూడనివ్వండి.

జిలేబీ సంగతి మూడుసార్లు చదివాను.

కంచె నిన్నటితో పోయింది. ఒక్క పూటలో మొత్తం తవ్వేశారు. ఇక మీకు పంపడానికి నా దగ్గర ఏమీ లేదు. రాయడానికీ ఏమీ ఉండదేమో. బిళ్ళలు మానకండి.

ఇట్లు,
సత్యవతి

తా.క. జాడీ మూత మీరే పగలగొట్టారు. పుష్పలత రాసింది.


సూర్యాపేట,
28 ఫిబ్రవరి

సత్యవతికి,

బతికే ఉన్నవాడి ఆశీస్సులు.

మిర్యాలగూడలో చక్కెర ఎంతుందో తెలియడానికి నా నీరు నీలం మందులో వేసి మరిగించి చూశారు. పోయినసారి ఇటుక రంగు వచ్చింది కదా, ఈసారి ఆకుపచ్చగా వచ్చింది. "మంచిగైతున్నది, గదే బిళ్ళలు వేసుకో, గదే కూర తిను" అన్నాడు డాక్టరు. పండ్లు రోజుకు రెండంటే రెండే తింటానని పుష్పలత నాతో ఒట్టు వేయించుకుంది.

నీ కంచె పోయిందని చదివి అన్నం సహించలేదు. దాచి ఏం లాభం, చెప్పేస్తున్నాను. మన ధాన్యం కొట్టు వెనక గోడ పొడుగునా ఉన్నది నాగజెముడే. ఇవే మట్టలు, ఇవే పండ్లు. మొదటి గంప వచ్చిన రోజే లింగయ్య అన్నాడు, "గివి మన తాన లేవా సేటూ?" అని. నోరు మూసుకోమన్నాను. ఒక్క పండు కూడా అక్కడ కోయలేదు. మనింట్లోనే ఉందని రాస్తే నీ గంప ఆగిపోతుంది, దాంతోపాటు ఉత్తరమూ ఆగిపోతుందని భయం.

వచ్చి పిలవాలని ఎన్నిసార్లు బస్సు దాకా పోయానో! పిలిచాక నువ్వు రానంటే ఏం చెయ్యను? నలుగురిలో పరువు సంగతి కాదు. నేనే తట్టుకోలేను.

నీ గంప నీ దగ్గరే ఉండిపోయింది, మనింటి గంప ఒకటి పంపుతున్నాను. నీ దగ్గర పెట్టి పంపడానికేమీ లేదని తెలుసు. అయినా గంప లేకపోతే సోమ్లా మన గుమ్మం ముందు లారీ ఆపడు.

ఇట్లు,
వెంకటనారాయణ

తా.క. బియ్యం ఈసారి కుంచెడు.


అనంతగిరి,
4 మార్చి

ఏమండీ,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యలేదు. సోమ్లా చేతికిస్తున్నాను. లోపలికి పోకుండా గుమ్మంలోనే నిలబడి చదవండి.

కొట్టు వెనక నాగజెముడు ఉందని నాకు చెబుతున్నారా? అది నాటింది నేను. పుష్పలత పాకే రోజుల్లో, ఆరబెట్టిన వడియాలు మేకలు తినిపోతున్నాయని పక్క సందు నుంచి రెండు మట్టలు తెచ్చి నాటాను. ఇరవై నాలుగేళ్ళు దానికి చీరలు చిక్కుకోకుండా తప్పించుకుని తిరిగిన మనిషిని నేను. "దొడ్లోవి కోసుకుని తినండి" అని కార్డు ముక్క రాస్తే సరిపోయేది. కానీ అప్పుడు మీరు నాకేమని జవాబు రాస్తారు?

గంప అందింది. బియ్యం చూసి మా మరదలు నోరు తెరిచింది. పొద్దున్నించీ గంప ముందు పెట్టుకుని కూర్చున్నాను. కంచె లేదు, మట్టలు లేవు, పండ్లు లేవు. వచ్చిన గంపను ఉత్తగా తిప్పి పంపకూడదు. ఏం పెట్టి పంపను?

ఇట్లు,
మీ సత్యవతి

తా.క. ఏమీ దొరకలేదు. నేనే వచ్చాను. లారీ వెనక వడ్ల బస్తాల మీద కూర్చుని ఉన్నాను, గంప నా ఒళ్ళో ఉంది. చదవడం ఆపి ఒక స్టూలు తీసుకురండి, నా మోకాళ్ళు దిగనివ్వడం లేదు.