ఊళ్ళో ఎటువైపు

జూలై 6, ఆదివారం

స్కౌట్ బ్యాడ్జీల కార్యక్రమం అయిపోయింది. అయిపోయింది అనడమే. జరిగింది అనడానికి మనసు రావడం లేదు.

పొద్దున ఆరింటికే నేనూ ఆరుగురు పిల్లలూ కలిసి రైసు మిల్లు కళ్ళం ఊడ్చాం. మా అసిస్టెంట్ లీడరు సురేష్ గారు తొమ్మిదింటికి వేంచేశారు. 'సారీ అక్కా, షాపు తాళాలు మా ఆవిడ దగ్గరుండిపోయాయి' అంటూ. ఆదివారం మూసి ఉండే సెల్‌ఫోన్ షాపుకి తాళాలతో ఏం పని? అడగలేదు. అడిగితే వచ్చే వారం నుంచి ఆ ఒక్కడూ రాడు. జీతం లేని పనిలో ఎవర్నీ ఏమీ అనకూడదు... అందరూ మనకి ఉపకారం చేస్తున్నట్టే.

ముఖ్య అతిథి మా ఆదివారం మీటింగులకి ఈ కళ్ళం ఇచ్చిన మిల్లు యజమాని, కోటేశ్వరరావు గారు. మొదటి కుర్రాడు ఎడమ చెయ్యి చాపగానే 'ఇదేంట్రా అబ్బాయ్' అని నవ్వారు. నేను మైకు తీసుకుని చెప్పాను — స్కౌట్లు ఎడమ చేత్తోనే చేతులు కలుపుతారు, అది గుండెకి దగ్గర కాబట్టి. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. ఆయనా మురిసిపోయారు. ఆ తర్వాత ముగ్గురికి తనే ఎడమ చెయ్యి ముందుకు చాపి ఇచ్చారు, ఫోటోగ్రాఫర్ వైపు చూస్తూ.

ఐదోది హారిక. కొలకలూరు నుంచి బస్సెక్కి వచ్చే పిల్ల. రెండేళ్ళలో ఒక్క ఆదివారం మానలేదు. పాట్రోల్ లీడర్, అంటే జట్టు నాయకురాలి బ్యాడ్జీ దానికే. సురేష్ పేరూ ఊరూ మైకులో చదివాడు. అది ఆ చివరి నుంచి నడిచి వచ్చేలోపు కోటేశ్వరరావు గారు నా వైపు వంగి ఏదో అడిగారు. ఏదో చెప్పాను.

పిల్ల వచ్చి చెయ్యి చాపింది. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నారు. 'ఎడం చేత్తోనా? పెద్దవాళ్ళకి?' అన్నారు. బ్యాడ్జీ సురేష్ పెట్టాడు. పిల్ల చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది... ఎంతసేపో. సెల్యూట్ చేసి, తిరిగి వరసలోకి నడిచి వెళ్ళింది. అడుగు తప్పలేదు.

నేను ట్రేలో మిగిలిన బ్యాడ్జీలు సర్దుతూ నిలబడ్డాను.

జూలై 7, సోమవారం

రైల్వే స్టేషన్లో టికెట్ కౌంటర్లో ఉండగా మూడు మిస్డ్ కాల్స్. మా స్కౌట్ కమిటీ ప్రెసిడెంటు మూర్తి మాస్టారు. టీ టైములో చేశాను.

'అమ్మా విజయా, కోటేశ్వరరావు గారు కాస్త నొచ్చుకున్నారు. ఆ పిల్ల చేత ఒక్క మాట అనిపించేద్దాం.'

ఏం మాటండి అన్నాను.

'క్షమించండి అని. ఎడం చెయ్యి ఇచ్చింది కదా.'

అందరూ ఎడమ చెయ్యే ఇచ్చారండి అన్నాను. 'అవుననుకోమ్మా...' అని నీళ్ళు నమిలారు. ముప్పై ఏళ్ళు హెడ్‌మాస్టరు చేసిన మనిషి. ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం వరకూ టికెట్లు కొడుతూనే ఉన్నాను. ఒకాయన గుంటూరు అడిగితే గూడూరు కొట్టాను. తిట్టాడు. బానే తిట్టాడు.

జూలై 8, మంగళవారం

వాట్సాప్ గ్రూపులో కార్యక్రమం ఫోటోలు. నలభై రెండు. ఆయన నలుగురితో చేతులు కలిపినవి నాలుగు. నాలుగూ ఎడమవే. పళ్ళన్నీ కనపడేలా నవ్వు.

హారికది లేదు. తీయలేదో, తీసి పెట్టలేదో.

కింద ఒక తల్లి — 'మేడమ్ గారూ, ఈ సర్టిఫికెట్ ఇంటర్ సీటుకి పనికొస్తుందాండి?'

జూలై 10, గురువారం

మోకాళ్ళ నొప్పి. నైట్ డ్యూటీ మార్పించుకోవాలి. మానేద్దామా ఈ స్కౌటింగ్ అని పదోసారి అనుకున్నాను. ఇంట్లో ఈయన — 'ఆ మాట ఎనిమిదేళ్ళుగా వింటున్నా' అన్నారు పేపరు దించకుండా.

జూలై 13, ఆదివారం

హారిక మీటింగుకి రాదనుకున్నాను. వచ్చింది. స్కార్ఫ్ ఇస్త్రీ చేసుకుని మరీ.

ముడులు వేయడం నేర్పించింది చిన్నవాళ్ళకి. విసుక్కోలేదు. డాక్టరు గారబ్బాయి తాడు నడుముకి చుట్టుకుని పిచ్చి గంతులు వేస్తుంటే, 'ఒరే, అది పాము కాదురా, తాడు. వదిలితే కరవదులే' అంది. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, వారంలో మొదటిసారి.

వెళ్ళేటప్పుడు నా స్కూటీ దగ్గర ఆగింది.

'మేడమ్, కుడి చెయ్యి ఇచ్చుంటే తీసుకునేవారా?'

పదమూడేళ్ళ పిల్ల. అడగడంలో కోపం లేదు. లెక్క చేసి జవాబు సరిచూసుకుంటున్నట్టు అడిగింది.

'బస్సుకి టైమవుతోంది, వెళ్ళమ్మా' అన్నాను.

ఛీ.

జూలై 15, మంగళవారం

మూర్తి మాస్టారు కౌంటర్‌కే వచ్చేశారు. ఫోన్ ఎత్తడం లేదని. పద్ధతైన మనిషి, పదిహేను మంది వెనక లైన్లో నిలబడి వచ్చారు.

'రేపల్లెకి ఒకటమ్మా... ఆ విషయం ఏం చేశావు?'

'ఒకటేనా అండి?'

'ఒకటే. బాపట్ల క్యాంపుకి పేర్లు ఇరవై ఏడో తారీకులోపు పంపాలి. ఆ పిల్ల లీడరుగా వెళ్ళాలంటే ఈలోపు ఇది తేల్చాలి. ఆయన పట్టుబట్టారు. లేకపోతే కళ్ళం ఇవ్వరు, మన పిల్లలు రోడ్డున పడతారు.'

వెనక నుంచి ఎవరో — 'బాబాయ్ గారూ, కబుర్లు తర్వాత, మా బండెళ్ళిపోద్ది.'

'ఒక్క నిమిషం నాయనా... అమ్మా, ఒక్క పిల్ల కోసం ఇరవై ఆరుగురిని ఇబ్బంది పెడతామా?'

టికెట్ చేతిలో పెట్టాను. నెక్స్ట్ అన్నాను. మర్యాదగానే అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. చిన్నబోతే చిన్నబోనీ. ఇరవై ఆరులో అది లేదా? లెక్కలు చెప్పిన మాస్టారికి ఆ లెక్క తెలీదా?

జూలై 17, గురువారం

సురేష్ షాపుకి వెళ్ళాను, నువ్వైనా నా పక్కన నిలబడరా అని అడుగుదామని. ఎవరిదో ఫోన్ విప్పి కూర్చున్నాడు. తల ఎత్తలేదు.

'సారీ అంటే ఏం పోద్ది అక్కా? నేను రోజుకి ఇరవైసార్లు చెప్తా కస్టమర్లకి.'

నీ తప్పు ఉండి చెప్తావు అన్నాను.

'తప్పు లేకపోయినా చెప్తా. షాపు ఆయన కాంప్లెక్సులోనే ఉంది.' అప్పుడు తలెత్తాడు. 'అసలు సంగతి చెయ్యి కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఎందుకక్కా లాగడం?'

మొదటిసారి ఒకరు పైకి అన్నారు. అన్నవాడు సురేష్. వాడి మీద కోపం తెచ్చుకోవడానికి వెళ్ళి, కోపం లేకుండా వచ్చాను. అదింకా చిరాగ్గా ఉంది.

జూలై 20, ఆదివారం

మాస్టారి ఇంట్లో కమిటీ. ముగ్గురం. ఉప్మా, కాఫీ. మాస్టారు గొప్ప పరిష్కారం కనిపెట్టారు.

'షేక్‌హ్యాండే తీసేద్దామమ్మా. ఎడమా వద్దు, కుడీ వద్దు. మన సంప్రదాయం మనకుంది, శుభ్రంగా నమస్కారం పెట్టిద్దాం. ఆ పిల్ల చిన్న కాగితం మీద రెండు ముక్కలు రాసిస్తే చాలు, అందరిలో చెప్పక్కర్లేదు. ఎవరికీ చిన్నతనం ఉండదు.'

రెండు క్షణాలు నాకూ బాగుందనిపించింది. నిజం రాసుకోవాలి కదా ఇక్కడైనా... బాగుందనిపించింది. కళ్ళం ఉంటుంది, క్యాంపు ఉంటుంది, నాకు నిద్ర పడుతుంది.

మళ్ళీ ఒళ్ళు మండింది. నమస్కారం ఎందుకంత నచ్చింది మాస్టారికి? ముట్టుకోనక్కర్లేదు, అందుకు. అదే అన్నాను. మాస్టారి భార్య కాఫీ గ్లాసులు తీసుకెళ్ళిపోయారు.

'అంత మాటెందుకమ్మా' అన్నారు మాస్టారు. నన్ను బజార్లో ఎవరేమన్నా ఊరుకోని మనిషి, నా కూతురికి ఉచితంగా లెక్కలు చెప్పిన మనిషి. ఆయన్ని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. తిట్టుకుంటుంటే ఏడుపొచ్చింది.

జూలై 23, బుధవారం

వీక్లీ ఆఫ్. కొలకలూరు వెళ్ళాను. రెండేళ్ళలో మొదటిసారి వాళ్ళింటికి. ఇది కూడా రాసుకోవాలి. డాక్టరు గారింట్లో నాలుగుసార్లు టిఫిన్ తిన్నాను.

హారిక స్కూల్లో ఉంది. వాళ్ళమ్మ నారుమడి పని నుంచి అప్పుడే వచ్చింది. కాళ్ళకి బురద కడుక్కుంటూనే కుర్చీ తెచ్చి వేసింది. తను గడప మీద కూర్చుంది.

'రాయించేస్తానండి మేడం గారూ. దానికి బాపట్ల అంటే పిచ్చండి. సముద్రం ఒడ్డున టెంటంట, ఇదే లీడరంట. ఊరంతా చెప్పుకుంది. రాయనంటే నేను రాయిస్తాను, మీరేం ఇబ్బంది పడమాకండి.'

తప్పు దానిది కాదమ్మా అన్నాను.

'తెలుసండి' అంది. అంత మామూలుగా.

మజ్జిగ ఇచ్చింది. తాగాను. గ్లాసు కింద పెడుతుంటే అడిగింది —

'ఆయనకెట్టా తెలిసిందండి, మేం ఎటువైపు వాళ్ళమో? దాని మొహాన రాసుండదు కదండి. ఆ నలుగురితో బానే కలిపారంట చెయ్యి. ఎవరో చెప్పుండాలండి.'

ఎవరో చెప్పుండాలి.

'తెలీదమ్మా' అన్నాను. తెలీదు అన్నాను. ఆవిడ మజ్జిగ తాగి, ఆవిడ కుర్చీలో కూర్చుని.

జూలై 24, గురువారం

రాసేస్తాను.

ఆరో తారీకున ఆయన నా వైపు వంగి అడిగింది ఇది — 'కొలకలూరా? ఊళ్ళో ఎటువైపు?'

నేను చెప్పింది ఇది — 'కాలవ అవతలండి.'

అంతే. ఆలోచించలేదు. కౌంటర్లో ఎవరో ఏ ప్లాట్‌ఫారం అంటే రెండో నంబరు అన్నంత తేలిగ్గా వచ్చేసింది నోట్లోంచి. ఆ అడగడంలో ఏముందో నాకు తెలీదా? పుట్టినప్పటి నుంచీ వింటున్నాను ఆ ప్రశ్న. అడిగేది దారి కాదు, కులం. మా నాన్న అడిగేవాడు. నా పెళ్ళికి మగపెళ్ళివారు అడిగారు. ఊరు చెప్తే సరిపోదు ఇక్కడ, ఎటువైపో చెప్పాలి. తెలీదండి అంటే సరిపోయేది. మీకెందుకండి అంటే ఇంకా బాగుండేది. మైకు చేతిలోనే ఉంది నాకు.

పద్దెనిమిది రోజులుగా కోటేశ్వరరావు మీద, మాస్టారి మీద, సురేష్ మీద, కాఫీ గ్లాసుల మీద కూడా కోపం. ఈ పేజీల నిండా వాళ్ళే. 'ఏదో అడిగారు, ఏదో చెప్పాను' — అబ్బో, ఎంత ముద్దుగా రాసుకున్నాను.

జూలై 25, శుక్రవారం

డ్యూటీ. ఏమీ తినబుద్ధి కాలేదు.

జూలై 26, శనివారం

సాయంత్రం నాలుగున్నరకి హారిక కౌంటర్ దగ్గరికి వచ్చింది, స్కూల్ బ్యాగుతో. లైన్లోనే వచ్చింది. రూళ్ళ కాగితం మడత విప్పి అద్దం కింద నుంచి తోసింది.

'తప్పులుంటే దిద్దండి మేడమ్. రేపు మాస్టారికి ఇవ్వాలి.'

ముత్యాల్లాంటి అక్షరాలు. గౌరవనీయులైన కోటేశ్వరరావు గారికి. ఎడమ చెయ్యి ఇచ్చి మిమ్మల్ని అవమానించినందుకు నన్ను క్షమించండి. ఇకమీదట జాగ్రత్తగా ఉంటాను. కింద పేరు, పాట్రోల్ పేరు, ఊరు.

పక్క కౌంటర్ వాణిని చూడమని చెప్పి బయటికి వచ్చాను. పార్సిల్ ఆఫీసు దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. చెప్పేశాను. మీరు ఎటువైపో ఆయనకి చెప్పింది నేనేనమ్మా అని. మీ అమ్మ అడిగితే అబద్ధం చెప్పానని కూడా చెప్పాను.

ఏడుస్తుందనుకున్నాను. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

'ఆయన అడిగారు కదా మేడమ్. అడిగితే అందరూ చెప్తారు' అంది. 'మా స్కూల్లో అడిగితే మేం కూడా చెప్పేస్తాం, వాళ్ళు అడక్కముందే.'

నన్ను ఓదారుస్తోంది. పదమూడేళ్ళది.

ఈ కాగితం ఇవ్వొద్దు అన్నాను. 'మరి బాపట్ల?' అంది. రేపు నేనే కమిటీలో చెప్తాను, ఆయన ముందే చెప్తాను, తప్పు ఎవరిదో అన్నాను. 'అప్పుడు కళ్ళం?' అంది. కాగితం మడిచాను. 'చిన్నోళ్ళు ఎక్కడ ఆడతారు మేడమ్?' అంది.

ఐదింటి బస్సుకి టైమవుతోందని లేచింది. కాగితం కోసం చెయ్యి చాపింది. ఇవ్వలేదు. 'నాది మేడమ్ అది' అంది, మెల్లగా. ఇవ్వలేదు. బ్యాగు భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఇస్తే అది రేపు ఆయన చేతికి వెళ్తుంది. ఇవ్వకపోతే దాని బాపట్ల పోతుంది, నా పౌరుషం కోసం. అది రాసుకున్న కాగితం, దాని నిర్ణయం. పట్టుకుని కూర్చోవడానికి నేనెవర్ని? మళ్ళీ దాని బదులు నేనే జవాబు చెప్తున్నానా?

రేపు పదింటికి మీటింగు. ఇంకో కాగితంలో క్యాంపు పేర్లు రాయడం మొదలుపెట్టాను. ఒకటో నంబరు, లీడరుది, ఖాళీగా వదిలి రెండు నుంచి రాశాను. ఇరవై ఐదు పేర్లు అయిపోయాయి.