నష్టంలోనూ పాలు

ఏమయ్యా,

నువ్వు పోయి ఈపొద్దుటికి ఏడాది. నేను చెప్తాంటే మనుమరాలు రాస్తాండాది.

మన చేను సోలారు కంపెనీకి గుత్తకీయమని ఆఫీసరొచ్చినాడు. కరెంటు అమ్ముడుపోక కంపెనీకి నష్టమొస్తే సర్కారు భరిస్తాదంట.

"కంపెనీ మూతపడితే సిమెంటు దిమ్మెలు పెరికి నా చేను నాకెవరిస్తారప్పా?" అని అడిగితి.

"అది కాగితంలో లేదవ్వా" అన్నాడు.

నువ్వు ఊర్లో ఒకాయప్ప చేను కోరుకు, అంటే సగం పాలుకు, చేసినప్పుడు చెనిక్కాయ విత్తనం సగం ఆయప్పది, సగం మనది. వాన రాకుంటే ఇద్దరికీ పోతాండె. ఆ మాటే ఆఫీసరుకు చెప్పి, "నా నష్టంలోనూ కంపెనీకి పాలుండేటట్ల రాసుకోని రాపో, అప్పుడు వేలిముద్ర వేస్తా" అని పంపిస్తి.

రేపు మళ్లొస్తాడు. నువ్వుంటే చెరొకమాట అనేటోళ్లం. ఒక్కదాన్నే కొట్లాడీ కొట్లాడీ అలుపొచ్చినాదయ్యా.