మిల్లులో ఎర్ర చుక్క

రాజన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మంచిర్యాలలో మన ఉక్కు మిల్లు మూతపడుతుందేమోనని నెల రోజులుగా అందరం భయపడుతూ బతికాం. కడ్డీలను నొక్కి సాగదీసే రోలర్లను ఎంత సరిచేసినా మళ్ళీ వరుస తప్పేవి, కడ్డీలు వంకరగా వచ్చేవి. మనిద్దరం చెరో కొస పట్టి సన్న తీగ లాగి రోలర్ల వరుస సరిచూసేవాళ్ళం కదా. నువ్వు లేక అవతలి కొసన ఎవరు నిలబడినా నాకు కుదరలేదు.

నిన్న కరీంనగర్ నుంచి సుజాత అనే ఇంజనీరు, తీగకు బదులు వెలుగుతో వరుస కొలిచే లేజర్ యంత్రం తెచ్చింది. ఎర్రటి చుక్క రోలర్ల మీద పడింది.

"తప్పు రోలర్లది కాదన్నా. గీ మొదటి జత కింద పునాది కుంగింది" అన్నది.

అడుగున ఇనుప రేకులు పెట్టి ఎత్తు సరిచేశాం. పొద్దున మిల్లు నడిపితే ఎర్రగా కాలిన కడ్డీ తిన్నగా వచ్చింది. మిల్లు యజమాని సేటు మా దగ్గరికొచ్చి, "మిల్లు బంద్ పెడ్తలే. ఇగ ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు.

వెళ్ళేముందు సుజాత మిగతా రోలర్లు కూడా చూసింది. నువ్వు చివరిసారి సరిచేసిన మూడో జత దగ్గర ఆగింది.

"గివి ఎవలు పెట్టిండ్రన్నా? జర గూడ కదలలే."

నీ పేరు చెప్పాను. మిల్లులో ఆ పేరు గట్టిగా పలికి చాలా రోజులైంది.

నీ మల్లేశ్