కేసున్నంతకాలం అమ్మ పొలం

మీమూన్ మామయ్యకు,

మీరు పంపిన దానపత్రం అందింది. అమ్మ పేరున ఉన్న గంజాయి పొలాన్ని మీ పేరుకు మార్చే కాగితం అది. "లాయరువి కదా, మీ అమ్మ చేత ఓ వేలిముద్ర వేయించి పంపవే" అని ఫోన్లో చెప్పారు. వేయించను. కాగితం ఇదే కవర్లో తిప్పి పంపుతున్నాను.

ఇరవై ఏళ్లుగా ఈ రిఫ్ కొండల్లోని కుటుంబాలకు వీలునామాలు రాస్తున్నాను. గంజాయి సాగుకు ప్రభుత్వం లైసెన్సులు ఇవ్వడం మొదలయ్యాక ఆ దరఖాస్తులూ నేనే రాస్తున్నాను. పాత కాగితాలు చదవడం నాకు బాగా వచ్చు. ఆ సాగు నేరమైన రోజుల్లో, "ఆడదాన్ని ఎవడు పట్టుకుపోతాడు" అంటూ తాతయ్య పొలాన్ని అమ్మ పేరున రాయించింది మీరే. పట్టుకుపోలేదు, నిజమే. వారెంటు మాత్రం వచ్చింది. పద్దెనిమిదేళ్లు అమ్మ కొండ దిగి సంతకు రాలేదు. నా పెళ్లికీ రాలేదు. మీరు వచ్చారు, కడుపునిండా తిని వెళ్లారు.

ఇప్పుడేమో "ఆడదానికి లైసెన్సేంటే, నలుగురూ నవ్విపోతారు" అంటున్నారు. నవ్వనివ్వండి.

గంజాయి రైతులకు రాజుగారు ప్రకటించిన క్షమాభిక్షలో అమ్మ మీదున్న వారెంటు రద్దయింది. మొన్న గురువారం తనను లైసెన్సు ఆఫీసుకు తీసుకెళ్లాను. పొలం ఎవరిదని అధికారి అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది.

"పోలీసులు అడిగినన్నాళ్లూ పొలం మా చెల్లెలిదేనన్నాడు మా అన్న. ఇప్పుడూ నాదే. రాసుకో నాయనా."

రాసుకున్నాడు.

మీ మేనకోడలు,
అమ్మ తరఫు లాయరు