తలుపు మీది సుట్టబట్ట

సిద్దిపేట,
డిసెంబరు 19, 1944.

ప్రభువునందు ప్రియమైన కొండవ్వకు నీ భర్త ఇశ్రాయేలు వందనాలతో రాయునది. దేవుని దయవల్ల ఇక్కడ నేను, నన్ను కన్న అవ్వ, బర్రె ముగ్గురమూ బాగున్నాము. తొగుటలో నువ్వూ, అత్తమ్మా, మామయ్యా కుశలమని తలుస్తాను. మామయ్యకు దగ్గు తగ్గిందా?

నువ్వు అలిగి పుట్టింటికి పోయిన నాటినుంచి రాద్దామనుకుంటూనే ఉన్నాను. అవ్వ ఇప్పుడు నా పక్కనే కూర్చుని వక్కలు కత్తిరిస్తూ ఉంది. ఆమెకు చదువు రాదు గనుక రాసిన ప్రతి ముక్కా పైకి చదివి వినిపించాలట. అన్నిటికంటే ముందు ఒక మాట రాయమంది: నువ్వు లేకపోయినా ఈ ఇంట్లో ఏ పనీ ఆగలేదట. "నేను రాయి లెక్క ఉన్న. గట్లనే రాయి," అన్నది. రాశాను. మీ చిన్నాయన ముందర నీ పచ్చిపులుసును కుడితి అని తాను అన్న సంగతి మాత్రం ఎత్తవద్దంది. ఎత్తడం లేదు.

ఇక ఇక్కడి కబుర్లు. పోయిన వారం మన మిషను దొరసానమ్మ బడికి వచ్చి నల్లబల్ల మీద పెద్ద సున్న గీసింది. పిల్లలు లెక్కలనుకుని బెదిరిపోయారు. లెక్క కాదు. వాళ్ళ దేశంలో క్రిస్మసుకు పచ్చని కొమ్మలను అట్లా గుండ్రంగా కట్టి తలుపుకు వేలాడదీస్తారట. దేవుని ప్రేమకు మొదలూ చివరా లేవనడానికి అది గుర్తట. యుద్ధం మూలాన బజారులో రంగు కాగితం ముక్క దొరకడం లేదు గదా, ఈసారి చెలకల్లో, గట్ల మీద ఊరికే దొరికే ఆకూ పువ్వుతోనే ప్రతి ఇల్లూ ఒకటి కట్టాలని, అందులో బాగున్నదాన్ని పండుగకు మన ప్రార్థన గుడి తలుపుకు పెడతామని చెప్పింది.

పంతులు ఇంటి తలుపే బోసిగా ఉంటే పిల్లలకు ఏం చెప్పను? సాయంత్రం తిప్పతీగ కోసుకొచ్చి గుండ్రంగా మెలిపెట్టాను. అది గుండ్రంగా రాలేదు, దోసకాయలాగా వచ్చింది. దాని చుట్టూ మన వాకిట్లోని వేపమండలు దట్టంగా చెక్కి తలుపుకు తగిలించి, దూరం నుంచి ఒకసారి, దగ్గరి నుంచి ఒకసారి చూసుకుని మురిసిపోయాను.

తెల్లారి బడికి పోతే ఒక్క పిల్లాడు రాలేదు. ఇంటికి తిరిగి వస్తే మన పక్కింటి దుబ్బయ్య ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని గోడ అవతలి నుంచే అరిచాడు. "సారూ! అమ్మవారు నీకు పోసిందా, మీ అవ్వకు పోసిందా?"

అప్పుడు గానీ నా బుర్రకు తట్టలేదు. తలుపుకు వేపమండలు కనబడితే ఆ ఇంట్లో అమ్మవారు పోసిందని ఈ దేశంలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. అవ్వ ఊరుకుంటుందా? కొంగు బిగించి నడివీధిలోకి పోయి, "సూడుండ్రి! నా మొఖం మీద ఒక్క పొక్కు సూపియ్యుండ్రి!" అని ఇంటింటి ముందూ నిలబడి కేకలు వేసింది. ఆమె ఎంత దగ్గరికి పోతే జనం అంత దూరం ఉరికారు. జ్వరం నెత్తికెక్కి అట్లా తిరుగుతోందనుకున్నారట.

వేప తీసేశాను. ఈసారి గట్టు మీది సీతాఫలం ఆకులు తెచ్చాను. వాటిని మేక కూడా ముట్టదు. లోపల జొన్నగడ్డి మెత్తగా చుట్టి, పైన ఆకులు కుట్టి, మధ్య మధ్య తంగేడు పువ్వు పెట్టాను. నిజం చెబుతున్నాను, బాగా కుదిరింది. ఇంట్లోకి పోయి చాయ తాగి వచ్చేసరికి తలుపు మీద లేదు.

ఎవరో కన్ను వేశారని వీధి ఆ చివరిదాకా ఉరికాను. అక్కడ కిష్టవ్వ, అదే, నీతో కలిసి బాయికి పోయే ముసలామె, నిండు కుండ నెత్తిన పెట్టుకుని చేతులు ఊపుకుంటూ వస్తోంది. కుండ కింద కుదురుగా నా దండ! తంగేడు పువ్వులు ఆమె చెవుల మీదికి వేలాడుతున్నాయి.

"కిష్టవ్వా, అది తలుపుది!" అన్నాను.

"అవ్ సారూ, తలుపుకాన్నే దొరికింది. ఎవలో పుణ్యాత్ములు సుట్టబట్ట తగిలిచ్చి పెట్టిన్రు. ఎంత మెత్తగున్నదో! ఒక్క బొట్టు ఒలకలే," అన్నది. నేను దేవుని ప్రేమ గురించి, మొదలూ చివరా లేకపోవడం గురించి వివరించాను. ఆమె కుండ దించకుండానే అంతా విని, "గట్లనా? అయితే నా కోడలుకు సుత ఒకటి కట్టియ్యి," అన్నది.

ఆ మర్నాడు మన వాకిట్లో ఆడవాళ్ళు వరుస కట్టారు. ఇప్పుడు నన్ను సిద్దిపేటలో సుట్టబట్టల పంతులు అంటున్నారు. దొరసానమ్మకు ఎవరో ఆ పేరు చెప్పారు. ఆమె అదేదో బిరుదు అనుకుని నిన్న ప్రార్థన తర్వాత అందరి ముందూ నన్ను ఆ పేరుతోనే పిలిచింది.

ఇక మూడోది. మూడోది కూడా నేనే చేశాను. (అవ్వ ఈ వాక్యాన్ని మళ్ళీ చదివించుకుని తల ఊపింది.) దాన్ని నువ్వు చూసి ఉండవలసింది, కొండా. ఈత ఆకును జడలాగా అల్లి చుట్ట చేసి, దాని మీద గునుగు పూలను వరుసలుగా పేర్చి, నడుమ గురివింద గింజలు నిప్పు కణికల్లాగా పొదిగి... ఎక్కడా దారం కనబడదు. దొరసానమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత తానే బల్ల ఎక్కి గుడి తలుపుకు తగిలించింది. దుబ్బయ్య కూడా వచ్చి చూసిపోయాడు, ముక్కుకు గుడ్డ లేకుండా.

ఇంతకంటే విశేషాలు లేవు. పండుగకు వచ్చేదీ రానిదీ నీ ఇష్టమని అవ్వ రాయమంది.

ఇట్లు, నీ రాక కోరే... అవ్వ 'రాక కోరే' అన్న మాట కొట్టేయమంది. కొట్టేశాను.

ఇట్లు,
నీ ఇశ్రాయేలు.

తా.క. అవ్వ సద్ది మూట కట్టుకోవడానికి లోపలికి పోయింది. ఈ ముక్క ఆమెకు తెలియదు. త్వరగా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

మూడోది నేను చేయలేదు. నాకు అంత చేతనైతే మొదటిదే గుండ్రంగా వచ్చేది. అవ్వ చేసింది. పొద్దున్నే చెలకలకు పోయి, గురివింద అల్లుకున్న ముళ్ళపొదల్లో చేతులు గీరుకుని, ఎవరికీ చెప్పకుండా కొట్టంలో బర్రె పక్కన కూర్చుని కట్టింది. ఊరంతా మెచ్చుకుంటే మెచ్చుకోనీ, తన పేరు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. ఎందుకే అవ్వా అని అడిగితే ముఖం అటు తిప్పుకుని, "సూడవలసినామె సూడలే. ఊరు సూస్తే నాకేంది?" అన్నది.

ఇందాక చెప్పాపెట్టకుండా పోయి గుడి తలుపు మీది నుంచి దాన్ని ఊడదీసుకొచ్చింది. రేపు పొద్దున దొరసానమ్మకు ఏం చెప్పాలో నాకు పాలుపోవడం లేదు.

ఈ ఉత్తరం నీకు తెచ్చి ఇచ్చిన బండి భిక్షపతి, తన బండిని మీ సందు మలుపులో చింతకింద ఆపి ఉంటాడు. దాంట్లో అవ్వ ఉంది. దండ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. నువ్వు ఉత్తరం చదివి నవ్వితే దిగుతుందట, చింపితే బండి మళ్ళిస్తుందట. నవ్వావో లేదో భిక్షపతి చూసి చెప్పాలట.

ఇంత పొడుగు రాయకుండా ఉండవలసింది. నువ్వు చదువుతున్నంతసేపూ ఆమె ఆ బండిలోనే ఉంటుంది. పొద్దటినుంచి ఆ గతుకుల్లో వచ్చిన నడుము. ఉత్తరం పక్కన పెట్టు కొండా, పోయి మీ అత్తమ్మను దించుకో.